కూపు పనివాళ్ల జ్ఞాపకాలు, తొలి కాపురాల కథలు: ఏం అడగాలి, ఎలా అడగాలి

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది. తాడ్వాయి అడవి అంచున ఉన్న మీ ఊళ్లో మొదట గుడిసెలు వేసుకున్న కుటుంబాల్లో, అంటే తొలి కాపురాల్లో, మీ తాతగారిది ఒకటి. అంతకుముందు ఆయన కూపుల్లో, అంటే నరుకుడుకు విడదీసిన అడవి తునకల్లో, వెదురు, టేకు నరికే కూలీ. ఇప్పుడు ఎనభై అయిదేళ్లు దాటాయి. ఆయన మాటలు రికార్డు చేద్దామని ఫోను పట్టుకుని కూర్చుంటే "ఏం జెప్పాలె బిడ్డా, కష్టపడ్డం, బతికినం" అని ముగిస్తున్నారు. ఏం అడిగితే చెబుతారు, చెప్పినదాంట్లో ఎంత నమ్మాలి, దాన్ని ఏం చేసుకోవాలి అని మీరు అడిగారు. ములుగు, ఏటూరునాగారం, మంగపేట వైపు, అటు ఆసిఫాబాద్ వైపు పాత అడవి కూలీలతోనూ, బండ్లు తోలినవాళ్లతోనూ, బీడీలు చుట్టే తునికాకును కల్లాల్లో లెక్కచూసి తీసుకునే కల్లేదార్లతోనూ చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను కనుక నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

మీ తాతగారిని జీవితం గురించి అడగకండి, పని గురించి అడగండి. నేను చెప్పదలచినదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. "మీ జీవితం చెప్పండి" అంటే ఏ ముసలాయనైనా దాన్ని ఒక తీర్పులాగా రెండు ముక్కల్లో చెప్పేస్తాడు, ఎందుకంటే ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఎప్పుడో తయారైన జవాబు ఉంటుంది. "గొడ్డలికి పిడి ఏ కర్రతో వేసేవాళ్లు?" అని అడిగితే తయారుగా ఉన్న జవాబు ఉండదు. ఆయన ఆలోచించి, చిరుమాను కర్ర అయితే ఎందుకు మంచిదో, అది దొరకనప్పుడు ఏం చేసేవారో, పిడి ఊడి పక్కవాడి కాలికి తగిలినప్పుడు ఎవరు ఎక్కడికి మోసుకుపోయారో వరుసగా చెబుతారు. ఆ మోసుకుపోవడంలో దారి వస్తుంది, దారిలో వాగు వస్తుంది, వాగు దగ్గర అప్పటికే ఉన్న గూడెం వస్తుంది, ఆ గూడెంలో పసరు కట్టిన మనిషి పేరు వస్తుంది. మీకు కావలసిన చరిత్ర అంతా అలా ఒక పనిముట్టు వెనకాల వస్తుంది.

కూపు పని సంగతి తెలిసిన మనిషి అడుగుతున్నాడని ఆయనకు అనిపించాలి కాబట్టి, కూర్చునేముందు ఆ పని ఎలా సాగేదో మీరు కొంత తెలుసుకోండి. అటవీశాఖ ఒక అడవి తునకను ఆ ఏటి నరుకుడుకు హద్దులు గీసి విడదీస్తే అది కూపు. నరకవలసిన చెట్లకు ముందే చెక్కు తీసి, సుత్తితో ముద్ర కొట్టి, నంబరు వేసేవారు. చెట్టు పోయాక కూడా ముద్ర మిగలాలి కనుక చెట్టు మొదలు మీద, నేలకు దగ్గరగా ఒక ముద్ర వేసేవారు, తరువాత తనిఖీకి వచ్చినవాళ్లు మోడు మీద దాన్నే వెతికేవారు. కూపు వేలంలో పాడుకున్న గుత్తేదారుకు మేస్త్రీ, మేస్త్రీకి కూలీల గుంపులు, గుంపుకు ముందే ఇచ్చిన బయానా ఉండేవి. కూలీలు పెళ్లాం పిల్లలతో వచ్చి, వాగు పక్కన ఆకులతో గుడిసెలు వేసుకుని, వానలు తగ్గిన తరువాత మొదలుపెట్టి ఎండాకాలం దాకా ఉండేవారు. వెదురు కూపు అయితే పొదలో ఆ ఏటి లేత బొంగులనూ నిరుటివాటినీ వదిలి ముదిరినవి మాత్రమే నరకాలని నిబంధన. ఆ నిబంధన ఎంతవరకు సాగిందో మీ తాతగారినే అడగండి, ఎందుకంటే దానికి అసలైన జవాబు ఏ దస్త్రంలోనూ దొరకదు.

ఈ చివరి సంగతి మీద ఎంతసేపైనా నిలవండి. పొద మధ్యలోని ముదురు బొంగును తీయాలంటే చుట్టూ ఉన్న ముళ్లకొమ్మలను ముందు కొట్టాలి, అందుకు సమయం పడుతుంది, కూలి మాత్రం కట్టల లెక్కన ఇస్తారు. కనుక అంచున ఉన్న లేత బొంగులను నరికితే కూలీకి గిట్టుబాటు, పొదకు చేటు. గార్డు చూస్తే జరిమానా, చూడకపోతే మేస్త్రీకి సంతోషం. అడవి ఎందుకు పలచబడిందన్న పెద్ద ప్రశ్నకు ఒక మనిషి రోజుకూలి లెక్కలోంచి వచ్చే జవాబు ఇక్కడ ఉంది. "అడవి ఎట్ల పోయింది తాతా?" అని అడిగితే మాత్రం ఇది రాదు. "దినాంకు ఎన్ని కట్టలు కొట్టేటోళ్లు, వాటిల్ల ఎన్ని తీసేసేటోళ్లు?" అంటే వస్తుంది.

నరికిన సరుకు ఎటు పోయిందో కూడా తప్పక అడగండి. ఆదిలాబాద్ వైపు కూపుల్లో పని చేసినవారైతే కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు పేరు చెబుతారు. 1938లో ఏర్పడిన ఆ మిల్లుకు అప్పట్లో వెదురే ప్రధానమైన ముడిసరుకు. మంగపేట వైపువారు కమలాపురం రేయాన్ గుజ్జు కర్మాగారం గురించి చెబుతారు, అది 2014లో మూతపడింది కనుక ఆ పనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. సింగరేణి గనుల్లో పైకప్పుకు ఆసరాగా నిలబెట్టే కర్రలు కొట్టి పంపినవారు ఉంటారు. ఇంకా పాతతరంవాళ్ల నోట, టేకు దుంగలను తెప్పలు కట్టి గోదావరి మీద భద్రాచలం, రాజమండ్రి వైపు వదిలిన సంగతి వినబడుతుంది. సరుకు ఎటు పోయిందో తెలిస్తే దారులూ, డిపోలూ, మధ్యలో సుంకం కట్టిన నాకాలూ బయటపడతాయి. నాకా దగ్గర బండి ఆపిన మనిషి గురించి చెప్పని బండివాడు నాకు ఇంతవరకు తగల్లేదు.

మీ నాయనమ్మగారు ఉన్నారో లేరో మీరు రాయలేదు. ఉంటే ఆమెను విడిగా, మీ తాతగారు పక్కన లేనప్పుడు కూర్చోబెట్టండి. అడవి పని అంటే మగవాళ్ల గొడ్డలి పనే అనుకుంటాం కానీ, ఇంటికి చేతికి డబ్బు అందిన పని చాలాచోట్ల తునికాకు, అది ఎక్కువగా ఆడవాళ్ల పని. మాఘ ఫాల్గుణాల్లో తునికి మొక్కల కొమ్మలు కొట్టేస్తారు. నెలా పదిహేను రోజులకు లేత చిగురు సరిగ్గా బీడీకి పనికొచ్చే ఆకవుతుంది, ఏప్రిల్, మే నెలల్లో కోత. తెల్లవారకముందే అడవికి పోయి, ఎండ ముదిరేలోపు మూట దించి, మధ్యాహ్నమంతా ఇంటి అరుగు మీద కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. కట్టకు యాభై ఆకులు.

ఈ పని గురించి నోటితో అడగడం కంటే చేతికి ఆకు ఇచ్చి చూడండి. మంగపేట వైపు ఒక పెద్దమ్మ ముందు నేను ఒకసారి ఆకుల కుప్ప పెట్టాను, ఆమె పని మానేసి చాలా ఏళ్లయింది. మొదట "మరిచిపోయిన" అంది. తరువాత ఆకులను తొడిమలు ఒకే వైపు వచ్చేలా సర్దుతూ, అయిదేసి ఆకులు వేళ్ల సందుల్లోకి తీసుకుంటూ, పెదవులతో లెక్కపెట్టకుండానే యాభై దగ్గర ఆగిపోయింది. చినిగిన ఆకును కట్ట మధ్యకు నెట్టి, పైనా కిందా మంచి ఆకు వచ్చేలా పెట్టి, నారను రెండు చుట్లు చుట్టి, కొసను మెలిపెట్టి లోపలికి దోపింది. ముడి వెయ్యలేదు. ఎందుకని అడిగితే, ముడి వేస్తే కల్లంలో కట్ట విప్పి లెక్క చూసినప్పుడు మళ్లీ కట్టడానికి ఆలస్యమవుతుందని, వెనక నిలబడినవాళ్లు తిడతారని చెప్పింది. అక్కడి నుంచి కల్లంలో ఎవరి కట్టలు విప్పేవారు, ఎవరివి విప్పకుండా వదిలేవారు, వందకు అదనంగా ఎన్ని పెట్టించుకునేవారు, ఎదురు మాట్లాడితే ఏమయ్యేది అన్నదంతా ఆపకుండా చెప్పింది. నేను అడగాలనుకున్న ప్రశ్నలు అడగకుండానే తీరిపోయాయి. తునికాకు వ్యాపారాన్ని 1971 నాటి చట్టంతో ప్రభుత్వం తన అదుపులోకి తీసుకుంది కాబట్టి, అంతకుముందు ప్రైవేటు వ్యాపారి కల్లం ఎలా ఉండేది, తరువాత ఏం మారింది, ఏం మారలేదు అని విడదీసి అడగడం మరిచిపోకండి.

సంవత్సరాల విషయానికి వద్దాం. "అది ఏ సంవత్సరం?" అన్న ప్రశ్న అసలే వద్దు. తెలియదంటారు, లేదా మీ కోసం ఏదో ఒక అంకె చెబుతారు, రెండోది మరీ ప్రమాదం. దాని బదులు, తేదీ తెలిసిన సంఘటనకు ముందా వెనకా అని అడగండి. మీ ప్రాంతానికి గట్టి గుర్తులు చాలా ఉన్నాయి. రజాకార్ల కాలం, 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం రావడం, గోదావరికి 1953లోనూ 1986లోనూ వచ్చిన పెద్ద వరదలు, 1969 తెలంగాణ ఉద్యమం, ఎమర్జెన్సీ వీటిలో కొన్ని. మేడారం జాతర రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమికి జరుగుతుంది కనుక "పెద్దోడు చంకల ఉన్నప్పటి జాతర" అన్న మాట కూడా కొడుకు వయసుతో కలిపి చూస్తే ఒకటి రెండేళ్ల తేడాతో సంవత్సరాన్ని పట్టిస్తుంది. ఇంకొకటి వెదురు పూత. వెదురు పొద దశాబ్దాల పాటు పెరిగి, జీవితంలో ఒక్కసారే పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది. అడవంతా ఒకేసారి పూసిన ఏడు ఎవరూ మరిచిపోరు, ఎందుకంటే ఆ ఏడు వెదురు బియ్యం ఏరుకుని వండుకున్నారు, ఎలుకలు పెరిగాయి, మరుసటి ఏడు కూపులో నరకడానికి ఎండిన బొంగులే మిగిలాయి.

కూలి ఎంత అని అడిగినప్పుడు అంకెతో తృప్తి పడకండి. మీ తాతగారి చిన్నతనంలో నిజాం నాణెం హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియా నాణెం కల్దారు రూపాయి రెండూ చేతులు మారేవి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. పైగా స్వాతంత్ర్యానికి ముందు ఏటూరునాగారం దగ్గర గోదావరికి ఈవలి ఒడ్డు నిజాం రాజ్యం, ఆవలి ఒడ్డున నూగూరు తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీ. నది దాటి కూలికి పోయినవాడికి డబ్బూ మారేది, అడవి చట్టమూ మారేది, గార్డూ మారేవాడు. కాబట్టి ఎవరి కాలపు కూలి, ఏ ఒడ్డు కూలి, ఏ రూపాయి అన్నది అడగండి. చాలాసార్లు కూలి డబ్బు రూపంలో కాక గింజల రూపంలో ఉండేది. అప్పుడు మానికెడా, కుంచెడా, ఆ గింజలు జొన్నలా, మక్కలా, తౌడు కలిసినవా, ఇంటిల్లిపాది ఎన్నాళ్లు గట్క కాచుకున్నారు అని అడగండి. ఒక వారం తిండి ఎలా గడిచిందో తెలిస్తే కూలి ఎంతో మీకే అర్థమవుతుంది.

ఇంట్లో పాత కాగితాలుంటే బయటికి తీయించండి. వాటి మీద ఫస్లీ సంవత్సరం, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్క సంవత్సరం, ఉంటే 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే 1355 ఫస్లీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం 1945-46 నాటిది. లావణి పట్టా (సర్కారు నేల సాగుకు ఇచ్చిన పట్టా), శిస్తు రసీదు, గార్డు రాసిచ్చిన జరిమానా చీటీ ఏదైనా పనికొస్తుంది. ముఖ్యంగా జరిమానా చీటీలను పారేయకండి, ఆ రోజుకు ఆ మనిషి ఆ నేల మీద ఉన్నాడని శాఖే రాసిచ్చిన రుజువు అది. రెవెన్యూ కార్యాలయంలో 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఎవరి పేరున ఏ నేల సాగులో ఉందో చూడవచ్చు. అటవీశాఖ వర్కింగ్ ప్లానుల్లో ఏ తునకను ఏ ఏడు నరకాలో రాసి ఉంటుంది. ఈ కాగితాలు మీ తాతగారి మాటను పరీక్షించడానికి మాత్రమే అనుకోకండి. కాగితాల్లో నరుకుడు ఆగిన ఏడు కూడా నరికారని ఆయన చెబితే, ఆయనే పొరబడి ఉండవచ్చు, కాగితమూ పొరబడి ఉండవచ్చు. ఇద్దరు ముగ్గురు అదే మాట చెబితే నేను కాగితాన్నే అనుమానిస్తాను.

ఇక అసలు కష్టమైన భాగం, ఊరు పుట్టిన కథ. తొలి కాపురాలవాళ్లు ఎవరైనా, ఏ కులమైనా, ఏ ప్రాంతం నుంచి వచ్చినా, కథను ఒకే వాక్యంతో మొదలుపెడతారు. "మేం వచ్చిననాడు ఈడ ఏం లేకుండె, అంత అడివే." వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చీకటి పడితే పులి అరుపు, మోడుల మధ్య నాగలి తిప్పలేక పార పట్టిన మొదటి ఏడు, చలిజ్వరంతో ఇంట్లో ఒకరు లేస్తే ఒకరు పడటం వాళ్లకు గుర్తున్నవి, అవి నిజాలు. కానీ ఆ వాక్యాన్ని అక్కడే వదిలేస్తే మీ రికార్డింగు సగం చరిత్రే అవుతుంది. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో కోయవాళ్ల గూడేలు ఎప్పటి నుంచో ఉన్నాయి, నాయకపోడులు ఉన్నారు. లక్నవరం, రామప్ప, పాఖాల వంటి కాకతీయుల నాటి చెరువులే ఈ నేల మీద అంతకుముందు సేద్యం సాగిందని చెబుతాయి. మీ అడవిలో చెట్లు మొలిచిన పాత కట్టలు, పూడిపోయిన కుంటలు, ఎవరూ మొక్కని రాళ్లు ఉండే ఉంటాయి.

అయితే "ఇక్కడ ముందు ఎవరుండేవాళ్లు?" అని నేరుగా అడిగితే ఆయన దాన్ని నేల మీద హక్కు ప్రశ్నగా తీసుకుని మాట దాచుకుంటారు. ఇక్కడ కూడా పని గురించే అడగాలి. మొదటి ఏడు విత్తనం ఎవరిచ్చారు? నీళ్లున్న చోటు ఎవరు చూపించారు? ఈ వాగుకు ఆ పేరు మీరు పెట్టిందేనా, అప్పటికే ఉన్నదా? ఇప్పపువ్వు ఏ చెట్ల కింద ఎవరు ఏరుకోవాలో అప్పటికే కట్టుబాటు ఉందా? పందులకు మంచె వేసి కావలి ఉన్నప్పుడు తోడు ఎవరు పడుకున్నారు? పాము కరిస్తే ఎవరి దగ్గరికి తీసుకుపోయారు? వీటిలో ప్రతి ప్రశ్నకూ ఒక కోయ పెద్దమనిషి పేరో, ఒక గూడెం పేరో వస్తుంది. "ఏం లేకుండె" అన్న అడవి నిండా మనుషులు కనబడటం మొదలవుతుంది. అప్పుడు ఆ గూడేనికి పోయి, అదే కాలం గురించి వాళ్లనూ అడగండి. వాళ్ల కథలో మీ తాతగారి రాక ఎలా ఉందో వినడానికి మీకు ధైర్యం కావాలి, అది లేకుండా ఈ పనికి దిగవద్దని నా సలహా. కోయ మాట్లాడే పెద్దలయితే కోయ తెలిసిన మనిషిని తోడు తీసుకువెళ్లి, ఆ భాషలోనే చెప్పనివ్వండి. తెలుగులో అడిగితే అధికారికి చెప్పినట్టు చెబుతారు.

ఒక్కొక్క రాకకు ఒక్కొక్క కారణం ఉంది. కోస్తాలో ఉన్న కొద్దిపాటి నేల అమ్మి ఇక్కడ ఎక్కువ ఎకరాలు కొనుక్కున్న గుంటూరు, కృష్ణా రైతులు ఉన్నారు. పశువులకు మేత వెతుక్కుంటూ వచ్చి తండాలు కట్టిన లంబాడీలు ఉన్నారు. దొరల ఊళ్లో వెట్టి భరించలేక అడవి పట్టినవారు ఉన్నారు. కూపు పనికి వచ్చి, పని అయిపోయాక తిరిగి పోవడానికి ఏమీ లేక ఉండిపోయినవారు ఉన్నారు, మీ తాతగారు ఈ కోవకు చెందినవారనుకుంటాను. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ అల్లర్ల నుంచి గోదావరి దాటి వచ్చిన గుత్తికోయలు కూడా తొలి కాపురాలవాళ్లే. మొదటి గుడిసె, మొదటి బావి, మొదటి పంట గురించి వాళ్ల జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంది, వీలైతే వాళ్లనూ వినండి. నేల చేతులు మారిన సంగతి వచ్చినప్పుడు గిరిజనుల నేల గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1959 నాటి భూ బదలాయింపు నిబంధననూ, దాన్ని బిగించిన 1970 నాటి ఒకటో నిబంధననూ గుర్తు పెట్టుకోండి. ఏజెన్సీలో గిరిజనేతరుల కొనుగోళ్లన్నీ ఆ వెలుగులోనే మాట్లాడతారు, కొన్ని అసలు మాట్లాడరు.

ఊరు ఊరుగా మారిన రోజును పట్టుకోవాలంటే ఊరి నడుమ పాతే బొడ్రాయి గురించి అడగండి. ఎవరు వేశారు, ఆ రోజు ఎవరెవరు ముందు నిలబడ్డారు, ఎవరిని పిలవలేదు అన్నదాంట్లో ఊరి నిర్మాణమంతా ఉంటుంది. బొడ్రాయి లేని ఊరైతే మొదటి చావు గురించి అడగండి. పాత ఊరికి తీసుకుపోయారా, ఇక్కడే మన్ను చేశారా? ఇక్కడే మన్ను చేసిన రోజు నుంచి ఆ కుటుంబం ఇక తిరిగి పోదు. మంత్రసాని లేని చోట తొలి కాన్పు ఎలా జరిగిందన్నది ఆడవాళ్లను, ఆడవాళ్లే అడగాలి. మీకు అక్కో చెల్లెలో ఉంటే ఆ భాగం వాళ్లకు అప్పగించండి.

ప్రసిద్ధమైన సంఘటనల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఆసిఫాబాద్ వైపు ఎవరిని కదిలించినా 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చిన కథ వస్తుంది. అది రావలసిందే, కానీ ఇప్పుడు చెప్పేవాళ్లలో ఎక్కువమంది సభల్లో, పాటల్లో విన్నది చెబుతున్నారు. అదే మనిషిని, జంగ్లాత్ (అటవీశాఖ) వాళ్లు నాగలికింత అని వసూలు చేసిన మామూళ్ల గురించి తన తండ్రి ఏం చెప్పేవాడో అడగండి. భీం ఎందుకు తిరగబడ్డాడో ఆ ఇంటి లెక్కలోంచే తెలుస్తుంది. ఆ తిరుగుబాటు తరువాత నిజాం ప్రభుత్వం పిలిపించగా వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయి అనే గోండుల ఊళ్లో ఉండి గోండుల స్థితిని రాశారు, పట్టాల కోసం పట్టుబట్టారు. ఆయన రాతలు ఉన్నాయి కదా అని మనం అడగడం మానకూడదు. గుడిసెలో కూర్చుని రాసుకున్న మనిషిని గుడిసెలోవాళ్లు ఎలా చూశారో వాళ్లు మాత్రమే చెప్పగలరు.

నమ్మకం గురించి మీరు అడిగినదానికి నా అనుభవంలో తేలిన లెక్క ఇది. చేతితో చేసిన పని, తిన్న తిండి, నడిచిన దారి, తగిలిన దెబ్బ, ఇచ్చిన అప్పు విషయంలో ముసలివాళ్ల జ్ఞాపకాన్ని దాదాపు పూర్తిగా నమ్ముతాను. ఏది ముందు ఏది తరువాత అన్న వరుసను సగం నమ్ముతాను. సంఖ్యలను, అందులోనూ దొరికిన జంతువుల, నరికిన చెట్ల సంఖ్యలను ఇంకొకరు చెప్పేదాకా పక్కన పెడతాను. మరొకరి మనసులో ఏముందో చెప్పినదాన్ని చెప్పిన మనిషి అభిప్రాయంగానే రాసుకుంటాను. అన్నదమ్ములు ఒకే సంఘటనను రెండు రకాలుగా చెబితే రాజీ చేయకండి, రెండూ ఉంచండి.

ఈ మాటలకు చట్టం ముందు కూడా విలువ ఉందని మీరు తెలుసుకోవాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు, అప్పటికే మూడు తరాలుగా, అంటే డెబ్బై అయిదేళ్లుగా అడవి మీద ఆధారపడి ఉన్న ఇతరులకు హక్కు వస్తుంది. దాని నిబంధనల్లో పదమూడోది రుజువులుగా ఒప్పుకునేవాటిని చెబుతుంది. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పి, రాతలో పెట్టిన వాంగ్మూలం అందులో ఒకటి. పాత బావులు, శ్మశానాలు, దేవతా స్థలాలు కూడా ఉన్నాయి. అంటే మొదటి చావు ఎక్కడ మన్ను చేశారన్న ప్రశ్నకు జవాబు రేపు ఎవరికో పట్టా కాగితం కావచ్చు.

అందుకే ఆ మాట కీడు కూడా చేయగలదు. ఫలానా ఏడు ఫలానా చోట చెట్లు కొట్టి పోడు చేశామని, ఫలానావాడి పేరున నేల రాయించామని, రాత్రి వచ్చిన మనుషులకు అన్నం పెట్టామని ఆయన నమ్మకంతో చెప్పిన మాట, వీడియోగా ఎక్కడో పెడితే బతికున్నవాళ్ల మీద కేసవుతుంది. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, అలాంటి మాట వచ్చినప్పుడు రికార్డింగు ఆపమంటారా అని అడుగుతాను. మొత్తం అయ్యాక మరో రోజు వాళ్లకే వినిపించి, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని మళ్లీ అడుగుతాను. మొదటి రోజు ఇచ్చిన అనుమతి మాట్లాడటానికి ఇచ్చినదే, పదిమందికి వినిపించడానికి కాదు. బతికున్నవాళ్ల పేర్లు మార్చండి. అసలు ప్రతిని కుటుంబం దగ్గరే ఉంచండి, బయటి సంస్థకు ఇవ్వదలిస్తే రాతపూర్వకంగా షరతులు పెట్టండి.

పరికరాల సంగతి చిన్నది. మీ ఫోను చాలు. ఫ్యాను ఆపండి, కాల్స్ రాకుండా చేయండి, మొదట్లో తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో మీ గొంతుతో చెప్పండి, ఆ రోజే రెండు చోట్ల కాపీ పెట్టండి. ఒక పూటకు ముప్పావుగంట దాటనివ్వకండి. ఆయన ఆగితే మీరు వెంటనే మాట అందించకండి, ఆ ఆగడం తరువాతే సాధారణంగా మంచి మాట వస్తుంది. వీలైతే ఒక రోజు ఆయన్ను పాత కూపు దారిలో బండి మీద తీసుకువెళ్లండి, మోడుల దగ్గర ఆయన చెప్పేది ఇంట్లో చెప్పినదానికి రెట్టింపు ఉంటుంది. రాసేటప్పుడు ఆయన మాటను ఆయన మాటగానే రాయండి. "పోయినం", "జేసినం", "కొట్టిండు" అన్నవాటిని పుస్తకాల తెలుగులోకి దిద్దితే చదివేవాళ్లకు అందులో ఒక రచయిత వినిపిస్తాడు, మీ తాతగారు వినిపించరు.

ఆయన చెప్పే పేర్లన్నీ ఒక కాగితం మీద వేరుగా రాసుకోండి. ఒకే మేస్త్రీ కింద పనిచేసినవాళ్లు, బండి తోలినవాళ్లు, కూపు క్యాంపులో వంట చేసినవాళ్లు, జరిమానా రాసిన బీట్ గార్డు ఇందులో ఉంటారు. ఆ గార్డు ఉద్యోగం దిగి ములుగులోనో హనుమకొండలోనో ఉండవచ్చు. ఆయన వైపు కథ కూడా కావాలి, ఎందుకంటే చాలామంది గార్డులు కూలీల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే, పైవాళ్ల ఒత్తిడికీ ఊరివాళ్ల మొహమాటానికీ మధ్య నలిగినవాళ్లే. ఆ కాగితంలో బతికున్నవాళ్ల పేర్ల పక్కన వయసు వేసుకుని, అందరికంటే పెద్దవారి దగ్గరికి ఈ వారమే వెళ్లండి. మీ తాతగారు ఎలాగూ ఇంట్లోనే ఉన్నారు, ఆయన్ను ఒకటి రెండు వారాలు ఆగి అడిగినా ఫరవాలేదు.